తెల్లరంగు కింద పసుపు

మా ఆయన ప్రభుదాస్‌కి లోకంలో రెండు పనులు తనకన్నా బాగా ఎవరూ చేయలేరని గట్టి నమ్మకం. ఒకటి, ఇంగ్లీషు ‘ఎస్’ అక్షరం వంపు తిప్పడం. రెండోది, పసుపు రంగు కలపడం. వంపు సంగతి నాకు తెలియదు. పసుపు గురించి మాత్రం కాపురానికి వచ్చిన మొదటి వారం నుంచీ విన్నాను. కూరలో పసుపు ఎక్కువైనా పట్టించుకోని మనిషి, డబ్బాలో పసుపు కాస్త పలచనైతే ఆ పూట అన్నం సరిగ్గా తినేవాడు కాదు.

ఆయన పోయి చాలాకాలమైంది. సమాధి చేసిన రోజు చర్చిలో పాస్టరుగారు ఆయన్ను ‘నిజాయితీగల పనివాడు’ అన్నారు. నేను తల వంచుకున్నాను. పక్కవాళ్ళు ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరారు. ఏడుపు కాదు తల్లీ, సిగ్గు. పనివాడు అన్నంతవరకు నిజమే. దాని ముందున్న మాట దగ్గరే ఆయన ఒకసారి కాలు జారాడు. ఆ జారుడుకి ఇంకో మనిషి దెబ్బ తిన్నాడు. ఈ సంగతి మా ఇద్దరికీ, ఆ దెబ్బ తిన్న మనిషికీ, అతని భార్యకీ తప్ప ఎవరికీ తెలియదు.

మా మామగారు బాపట్ల నుంచి వచ్చి కంటోన్మెంటు ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరాడు. కొడుకునీ సీసాల మధ్యే నిలబెట్టాలని చూశాడు. ఈయన సీసాల మీద అంటించే చీటీలపై పేర్లు అందంగా రాయడం తప్ప ఒక్క మందు మోతాదూ నేర్చుకోలేదు. చివరికి మిలిటరీ పల్టన్ బండ్ల మీద నంబర్లు వేసే పెయింటరు దగ్గర చేరి కుంచె పట్టాడు. నేను వచ్చేనాటికి బన్సీలాల్‌పేటలో మా ముందుగదే ఆయన దుకాణం. మంచం కింద రంగు డబ్బాలు, మంచం మీద మేము.

ఆయన జోడీ సుభాన్. భువనగిరి నుంచి వచ్చి కార్ఖానా అనే పేటలో ఉంటున్న కుటుంబం. తురకవాళ్ళే అయినా ఇంట్లో తెలుగే ఎక్కువ. ఆ రోజుల్లో సికింద్రాబాదులో దుకాణం బోర్డంటే మూడు భాషలుండాలి. ఇంగ్లీషూ తెలుగూ ఈయన రాసేవాడు, ఉర్దూ సుభాన్ రాసేవాడు. రెండు నిచ్చెనల మధ్య ఒక పలక వేసి, ఈయన ఎడమ చివరా అతను కుడి చివరా నిలబడి మొదలుపెట్టేవారు. ఒకడు అదాటున దిగితే రెండోవాడు కింద పడతాడు. డబ్బా మాత్రం ఇద్దరికీ ఒకటే.

“జెర జరుగు అన్నా, నీ ఇంగ్లీషు మస్తు జాగ తింటున్నది,” అనేవాడు సుభాన్.

“నీ అలిఫ్ అక్షరం జెర పొట్టిగ రాయరాదా? తాడిచెట్టు లెక్క నిలబెడ్తవు,” అనేవాడు ఈయన.

నాకు మొదట్లో ఈ భాషే కొత్త. మా బాపట్లలో ఇలా మాట్లాడితే కొట్టుకుంటున్నారనుకుంటారు. వీళ్ళు మాత్రం దిగొచ్చి ఒకే కప్పులో చాయ్ పంచుకునేవారు.

ఇక ఆ పసుపు సంగతి. అంతకుముందు బోర్డులకు వాడిన పసుపు సీసంతో చేసింది. బరువుగా, దిట్టంగా ఉండి కింద ఏమున్నా కప్పేసేది. కాని మురికికాలువ పక్కనున్న దుకాణం మీద వేస్తే ఆ కంపుగాలికి కొన్నేళ్ళలో నల్లబడేది. సున్నంలో కలిపితే ఎర్రబారేది. రెండో ప్రపంచయుద్ధానికి ముందు జర్మనీ నుంచి కొత్త పసుపు పొడి రావడం మొదలైంది. జేమ్స్ స్ట్రీటు రంగుల దుకాణంలో గుమాస్తాగా ఉన్న రిచర్డ్ దాన్ని మా ఆయనకు అలవాటు చేశాడు. దాని పేరు హంసా ఎల్లో. “హంస తెల్లగా కదండీ ఉండేది, పసుపుకి ఆ పేరేమిటి?” అని నేను వెక్కిరిస్తే ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఆ జర్మనోళ్ళకి మన హంస తెలుసా ఏందీ, అని కసురుకునేవాడు.

రిచర్డ్ దగ్గర విన్నదంతా రాత్రి కంచం ముందు నాకు అప్పజెప్పేవాడు. ఈ పసుపు మట్టిలోంచో రాయిలోంచో తవ్వింది కాదట. బొగ్గును గాలి తగలకుండా కాలిస్తే కారే తారులోంచి ఒక సరుకు తీస్తారు. దాన్ని ఆమ్లంలో కలిపి, చుట్టూ మంచుగడ్డలు పేర్చి, చల్లగా ఉన్నప్పుడే ఒక రకం ఉప్పు వేస్తారు. చల్లదనం తప్పిందా, సరుకు బుసబుస పొంగి పాడైపోతుంది. నిలిచిందా, అందులో ఇంకో ద్రావకం పోయగానే పాలు విరిగినట్టు విరిగి, నీళ్ళలోంచి పచ్చటి పసుపు కిందికి దిగుతుంది. దాన్ని వడగట్టి, కడిగి, ఆరబెట్టి, నూరితే అదే పొడి. రెండు నత్రజని కణాలు మధ్యలో చెయ్యీ చెయ్యీ పట్టుకుంటాయని, ఆ పట్టు వల్లే ఈ రంగని చెప్పి, ఆయన తన రెండు చేతులూ పట్టుకుని చూపించేవాడు. చేతికున్న పప్పన్నం చాప మీద పడేది.

“ఎండకు ఎలిసిపోదు, కాలువ గాలికి నల్లబడదు, సున్నంల ఎర్రబడదు. నీళ్ళల్ల ఎన్నొద్దులు నానబెట్టినా కరగదు,” అనేవాడు. పెన్సిళ్ళకీ, అచ్చు సిరాకీ, గోడ రంగులకీ, పిల్లల బొమ్మలకీ కూడా అదే వేస్తున్నారట.

“అంత గొప్పదైతే ఒక్క లోపమూ లేదా?” అని ఒకసారి అడిగాను.

ఉన్నాయి, రెండు. ఒకటి, పలచన. సీసం పసుపులాగా కిందిది దాచలేదు. రెండోది అసలైంది. నీళ్ళకి లొంగదు గాని, మోటారు బండ్ల రంగుల్లో వాడే ఘాటైన థిన్నరుకి లొంగుతుంది. అందులో కొంచెం కొంచెంగా కరుగుతుంది. ఈ పసుపుతో రాసినదాని మీద అలాంటి రంగు పూస్తే, అది పైపూతలోకి ఎక్కి మళ్ళీ బయటికి కనిపిస్తుంది. దానికి విరుగుడు స్పిరిట్‌లో కరిగించిన లక్క. పసుపు మీద ముందు ఒక పూత లక్క వేసి, ఆరాక పైరంగు వేస్తే పసుపు కదలదు. ఇదంతా ఆయనకు తెలుసు. తెలియక చేశాడని నేను చెప్పలేను.

నలభై ఎనిమిదిలో రజాకార్లు జోరు మీదున్నప్పుడు బజారు దుకాణాలన్నీ పసుపెక్కాయి. నిజాం జెండా పసుపు కదా, భయానికి ప్రతి సేటూ తన బోర్డు మీద ఉర్దూ అక్షరాలు పెద్దవిగా, పసుపుతో రాయించుకున్నాడు. తుకారాం అని జేమ్స్ స్ట్రీటులో గొడుగుల దుకాణం సేటు ఉండేవాడు. అందరికన్నా పెద్ద పసుపు అక్షరాలు అతని బోర్డువే. సుభాన్ చేతి నుంచి అంత అందమైన రాత ఇంకోటి రాలేదని మా ఆయన కూడా ఒప్పుకున్నాడు. ఆయన ఒకరిని మెచ్చుకోవడం నేను విన్నది చాలా తక్కువ.

సెప్టెంబరులో పోలీసు యాక్షన్ జరిగింది. ఇండియన్ సైన్యం సికింద్రాబాదులోకి వచ్చింది. నిన్నటిదాకా ఒకరు భయపడితే, ఇప్పుడు ఇంకొకరు భయపడే వంతు. సుభాన్ భార్య హజీరాని, పిల్లల్ని మా ఆయన వెళ్ళి మా ఇంటికి తెచ్చాడు. ఒక సాయంత్రం కర్రలు పట్టుకున్న నలుగురైదుగురు వచ్చి, లోపల తురకోళ్ళున్నారా అని అడిగారు. లోపల హజీరా నా చెయ్యి పట్టుకుంది. ఈయన గడపకు అడ్డంగా కూర్చుని కుంచె కడుక్కుంటూ, “ఉన్నరు. నా చుట్టాలు. ఏంది పని?” అన్నాడు. వాళ్ళు కాసేపు నిలబడి వెళ్ళిపోయారు. ఆ రాత్రి నా మొగుణ్ణి చూసి నాకెంత గర్వమేసిందో చెప్పలేను. అందుకే తరవాతి సంగతి నాకు ఇప్పటికీ కొరుకుడుపడదు. ప్రాణానికి జంకని మనిషి ఒక పూత దగ్గర జంకాడు.

కాస్త సద్దుమణిగాక బజారు మళ్ళీ రంగు మార్చింది. పసుపు అక్షరాలు తుడిపించుకోవడానికి సేట్లు మా గుమ్మం ముందు వరుస కట్టారు. తుకారాం సుభాన్‌ని పిలిచి, నీ రాత నువ్వే తుడిచెయ్ అన్నాడట.

“నా చేత్తోని రాసింది నా చేత్తోని తుడ్వ, సేటూ. వేరేటోళ్ళతోని తుడిపించుకోండ్రి,” అన్నాడు సుభాన్. పదిమంది విన్నారు.

ఆ పని మా ఆయన తీసుకున్నాడు. మిగతా బోర్డులన్నీ పద్ధతిగానే చేశాడు. ముందు లక్క, తరవాత నూనెతో కలిపిన తెలుపు, మెల్లగా ఆరనిచ్చి కొత్త అక్షరాలు. తుకారాం మాత్రం, రేపు పొద్దున ఊరేగింపు మా దుకాణం ముందుగా పోతుంది, ఈ రోజే కావాలని నెత్తినెక్కి కూర్చున్నాడు. మిలిటరీవాళ్ళ వేలంలో కొన్న తెల్లరంగు డబ్బా ఒకటి ఇంట్లో ఉంది. లారీలకు వేసేది. మూత తీస్తే ముక్కు పగిలే ఘాటు, పూస్తే గంటలో ఆరిపోతుంది. లక్క ఆరేదాకా ఆగితే సాయంత్రమై, పైన అక్షరాలు రాయడానికి వెలుగుండదు. ఈయన ఆగలేదు. “ఒక్క బోర్డుకు ఏమైతది?” అనుకున్నాడు. పసుపు మీద సూటిగా ఆ తెలుపు పూసి, పైన నీలం అక్షరాలు రాసేశాడు.

ఊరేగింపు నాటికి బోర్డు మల్లెపువ్వులా ఉంది. రెండు రోజులకి నీలం అక్షరాల వెనక లేత పసుపు గీతలు తేలాయి. వారం తిరిగేసరికి సుభాన్ రాసిన ఉర్దూ మొత్తం, అలిఫ్‌తో సహా, తెలుపులోంచి చక్కగా లేచి నిలబడింది.

తుకారాం లబలబలాడుతూ వచ్చాడు. ఈయన నోరు విప్పకుండా వెళ్ళి, అదే డబ్బాలోంచి ఇంకో పూత వేసొచ్చాడు. లక్క వేస్తే, ముందు వేయలేదని తెలిసిపోతుంది కదా! మళ్ళీ లేచింది. ఈసారి బజారంతా మూగి చూసింది. ఎవరో రాత్రిపూట వచ్చి రాస్తున్నారన్నారు. ఎవరో ఏమిటి, తుడవనని మొండికేసినవాడే అన్నాడు తుకారాం. కొత్త ప్రభుత్వాన్ని వెక్కిరించడానికే చేస్తున్నాడని ఠాణాలో చెప్పాడు. ఆ రోజుల్లో ఒక తురక మనిషిని లోపలెయ్యడానికి అంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు. మధ్యాహ్నం సుభాన్‌ని తీసుకుపోయారు.

సుభాన్ ఉన్నమాట చెప్పాడు. “నేను రాయలే సాబ్. అన్న పూసిన తెలుపు ఘాటుది. దాంట్ల పసుపు కరిగి మీదికొస్తది. అన్ననే పిలిచి అడుగుండ్రి.”

ఇన్‌స్పెక్టరు మద్రాసు వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు. చెడ్డవాడేం కాదు. మా ఆయన్ను పిలిపించి, “ఏమయ్యా, రంగు దానంతటది పైకొస్తుందా? ఇతను చెప్పేది నిజమేనా?” అని అడిగాడు. అక్కడ తుకారాం ఉన్నాడు. మా ఆయనతో బోర్డులు రాయించుకున్న ఇంకో ముగ్గురు సేట్లు ఉన్నారు. అవునంటే ఏమవుతుంది? ప్రభుదాస్ పని చెత్తపని అని అక్కడికక్కడే తేలిపోతుంది. ఇద్దరూ కూడబలుక్కుని చేశారని కూడా అనొచ్చు. కాదంటే ఏమవుతుందో చెప్పడానికి సుభాన్ ఎదురుగా బెంచీ పక్కన నేల మీదే కూర్చుని ఉన్నాడు.

“రాదండీ,” అన్నాడు మా ఆయన. “నేను పూసిన తెలుపు తెలుపే.”

 సుభాన్ తల ఎత్తి ఒకసారి చూసి, మళ్ళీ దించుకున్నాడట.

ఇదంతా ఆయన నాకు వచ్చి చెప్పలేదు. ఇంటికొచ్చి తేలు కుట్టిన దొంగలా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. చెప్పింది హజీరా. మర్నాడు సాయంత్రం పిల్లని చంకనేసుకుని మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

“అక్కా, అన్న గట్ల ఎందుకన్నడు?” అంది. “మమ్ముల దాచిపెట్టిన మనిషి గదా. గట్లెందుకన్నడో జెర అడుగు.”

అడుగుతానన్నాను. ఆమె వెళ్ళాక ఈయన్ని లేపి కూర్చోబెట్టాను. అడిగాను. నిజం కక్కాడు. ఆ రోజు నేనన్న మాటలు పైకి చెప్పుకోదగ్గవి కావు. పెళ్ళయ్యాక మొదటిసారి ఆయన్ని నువ్వు అన్నాను.

“ఇప్పుడే ఠాణాకి పద. అబద్ధం చెప్పానని చెప్పు. అంతే. రెండు ముక్కలు,” అన్నాను.

“ఉత్త మాట నమ్మరు కృపా. నిన్న కాదంటి, ఇయ్యాల అవునంటే ఏమనుకుంటరు? ఆగు, రుజువు చూపెడ్తా.”

ఒక రేకుముక్క తీసి దాని మీద ఆ పసుపుతో రెండు అక్షరాలు రాశాడు. పైపైన ఆరగానే దాని మీద ఆ మిలిటరీ తెలుపు పూశాడు. పసుపు ఇంకా పచ్చిది గనక తెల్లారేసరికే తేలడం మొదలవుతుంది, దాన్ని చూపిస్తే చాలన్నాడు. నేను ఊరుకున్నాను. ఊరుకోవడం నా తప్పు. ఎందుకంటే ఆయన మనసులో ఉన్నది నాకు అప్పుడే అర్థమైంది. రేకు చూపిస్తే, ‘ఈ సంగతి నాకూ ఇప్పుడే తెలిసిందండీ’ అనొచ్చు. అబద్ధం ఆడానని ఒప్పుకోనక్కర్లేదు. ఎదుటివాడు కటకటాల వెనక ఉంటే, ఈయన తన ముఖానికి మసి అంటకుండా బయటపడే దారి చూసుకున్నాడు. ఇద్దరం రేకు పక్కనే కూర్చుని రాత్రంతా గడిపాం. ప్రార్థన చేద్దామన్నాడు. నేను లేచి దీపం వత్తి ఎగదోశాను.

పొద్దున్నే పసుపు తేలింది. రేకుని పాత కాగితంలో చుట్టుకుని ఇద్దరం ఠాణాకి వెళ్ళాం. సుభాన్ అక్కడ లేడు. పెద్దమనుషులు కూర్చుని మాట్లాడారని, జేమ్స్ స్ట్రీటుకి తీసుకుపోయారని గుమ్మంలో జవాను చెప్పాడు. మేము ఇంచుమించు పరిగెత్తాం.

తుకారాం దుకాణం ముందు జనం. మధ్యలో సుభాన్. రెండు రాత్రులకే మనిషి సగమయ్యాడు. ఎదురుగా కుర్చీలో ఇన్‌స్పెక్టరు, పక్కన తుకారాం. నలుగురిలో తప్పు ఒప్పుకుని దండం పెడితే కేసు లేకుండా వదిలేస్తామన్నారట. లేదంటే పెద్ద జైలుకి పంపుతామన్నారట. తన మాట నిజమని చెప్పేవాడు ఎవడూ లేనప్పుడు అతను మాత్రం ఏం చేస్తాడు? ఇంట్లో ముగ్గురు పిల్లలు.

మేము జనాన్ని తోసుకుని ముందుకొచ్చేసరికి సుభాన్ చేతులు జోడించి ఉన్నాడు.

“నేనే రాసిన. రాత్రిపూట వచ్చి రాసిన. తప్పైంది సేటూ, మాఫ్ చెయ్యుండ్రి,” అన్నాడు.

ఎవరో నవ్వారు. మా ఆయన రేకు మీది కాగితం విప్పుతున్నాడు. సుభాన్ మమ్మల్ని చూశాడు. రేకునీ చూశాడు. అదేమిటో ఒక్క చూపులో అర్థమైపోయి ఉంటుంది, పనివాడు కదా. అతను తల అడ్డంగా ఊపాడు. మెల్లగా, ఒక్కసారే.

“ఏంటయ్యా అది?” అని ఇన్‌స్పెక్టరు మా ఆయన్ను అడిగాడు.

నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. ఇప్పుడు నిజం చెబితే, ఇంతమందిలో ఈ నిమిషమే ఒప్పుకున్న సుభాన్ మాట ఏమవుతుంది? ఠాణాని ఆటపట్టించారా అని ఇద్దర్నీ, ముందు అతన్నే, మళ్ళీ లోపలేస్తారు. సుభాన్ తల ఊపింది అందుకే. నిన్న సాయంత్రం చెప్పి ఉంటే విడిపించే మాట, ఈ పొద్దున చెబితే కట్టిపడేసే మాటైంది.

“ఏం లేదండీ,” అన్నాడు మా ఆయన. “రంగు కలిపే రేకు.”

తుకారాం ఆయన భుజం తట్టాడు. “ఇగ ఈ బోర్డు నువ్వే మంచిగ చెయ్యాలె ప్రభుదాస్. నీ చెయ్యి పడితెనే నాకు నమ్మకం,” అన్నాడు. జనం కూడా అవునవునన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

జనం కదిలాక సుభాన్ మా పక్కనుంచే వెళ్ళాడు. ఆగకుండానే, ఎవరికీ వినబడకుండా అన్నాడు.

“ఈసారి లక్క మర్వకు అన్నా. మల్ల లేస్తే నన్నే తీస్కపోతరు.”

మా ఆయన అక్కడే నిచ్చెన తెప్పించుకుని ఎక్కాడు. పాత పూతలన్నీ గీకాడు. లక్క ఒకటి కాదు, రెండు పూతలు వేశాడు. ఒక్కోటీ పూర్తిగా ఆరేదాకా కింద కూర్చుని కాపలా కాశాడు. దాని మీద నూనె తెలుపు వేసి, అది ఆరాక నీలం అక్షరాలు రాశాడు. నాలుగైదు రోజులు పట్టింది. తుకారాం ఈసారి తొందరపెట్టలేదు. ఎదుటివాడి ప్రాణం ఆ పూత మీద ఆధారపడి ఉందని తెలిసి చేసిన పని అది. ఆయన జన్మలో అంత శ్రద్ధగా ఇంకో బోర్డు చేయలేదు.

వారం గడిచింది, నెల గడిచింది. బోర్డు తెల్లగానే ఉంది. అప్పటిదాకా సుభాన్ నిజంగా రాశాడా అని అనుమానించిన ఒకరిద్దరు కూడా తీర్మానించేశారు. “చూసిన్రా? వానికి బుద్ధి చెప్పినంక అక్షరం లేస్తలేదు. వాడే దొంగ,” అన్నారు. బోర్డు ఎంత తెల్లగా ఉంటే సుభాన్ అంత దొంగయ్యాడు. క్రిస్మసుకి తుకారాం మిఠాయి పొట్లం పట్టుకుని మా ఇంటికే వచ్చి ఆ మాట మళ్ళీ అన్నాడు. మా ఆయన పొట్లం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, కూర్చోమని కూడా అనలేదు. అతను వెళ్ళాక నేను దాన్ని వీధిలో ఎవరికో ఇచ్చేశాను.

సుభాన్‌కి బోర్డుల పని మళ్ళీ ఎవరూ ఇవ్వలేదు. ఇళ్ళకు సున్నాలు వేసుకుని బతికాడు. ఎదురుపడితే సలాం చేసేవాడు, పిల్లలెట్లున్నరని అడిగేవాడు. అంతకు మించి ఒక్క మాట లేదు. పండగకి హజీరా సేమ్యా పంపడం మానేసింది. నేను అడగలేదు. ఏ ముఖం పెట్టుకుని అడుగుతాను?

మేము ఒకసారి కార్ఖానాకి వెళ్ళాం. రెండు మూడేళ్ళు గడిచి, భయాలు తగ్గాక. ఇప్పుడైనా బజారులో నలుగురికీ నిజం చెబుతానని మా ఆయన సుభాన్‌తో అన్నాడు. సుభాన్ మంచం మీద కూర్చుని సున్నం తిన్న వేళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటున్నాడు.

“ఇప్పుడు చెప్తే నీ మనసుల బరువు అల్కగైతది అన్నా. నాకేమొస్తది?” అన్నాడు. “నా పిల్లలు వాళ్ళ నాయిన దొంగ అనుకుంటనే పెరుగుతున్నరు. ఇప్పుడు దొంగ గాదు, పిరికోడు, భయపడి ఒప్పుకున్నడు అని చెప్పాల్నా? ఉండనియ్.”

అతను కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే మా ఆయన బతికిపోయేవాడు. ఇద్దరం ఇంటికి నడిచాం.

ఆ తరవాత ఆయన ఎన్నో ఏళ్ళు బతికాడు, ఎన్నో బోర్డులు రాశాడు, మంచి పేరు తెచ్చుకున్నాడు. జేమ్స్ స్ట్రీటు మీదుగా ఎప్పుడు వెళ్ళినా గొడుగుల దుకాణం ముందు ఆగేవాడు. నేను చెయ్యి లాగినా కదిలేవాడు కాదు. బోర్డుని ఈ చివర నుంచి ఆ చివర దాకా వెతికేవాడు. తుకారాం పోయి, ఠాణాలో మనుషులు మారిపోయి, ఇక ఎవరికీ ఏ ప్రమాదమూ లేని కాలం వచ్చింది. ఒక్క పసుపు గీత, ఒక్కటంటే ఒక్కటి పైకి లేస్తే, అదిగో చూడండి, రంగు దానంతటదే లేస్తుంది అని బజారుని పిలిచి చూపించాలని ఆయన ఆశ. సుభాన్‌ని అడగకుండానే, ఎవరూ ఏమీ ఒప్పుకోకుండానే నిజం బయటపడుతుందని ఆశ.

ఒక్క గీతా లేవలేదు. పని అంత బాగా చేశాడు.